అనుమానంలో ఆగిన అంబులెన్స్

"ఆ రోజు మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

అదే ప్రశ్న మూడోసారి అడిగాను. సాయినాథ్ మూడోసారి కూడా తన చెప్పుల వంకే చూశాడు.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికొడుకులు నిజంగా ఉద్యోగం చేస్తున్నారో లేదో వాకబు చేయడం ఈ మృదుల డిటెక్టివ్ ఏజెన్సీకి అసలు గిరాకీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడమీద నా ఆఫీసు. అబద్ధాలాడేవాళ్ళతో రోజూ పనే కాబట్టి వాళ్ళతో ఎలాగోలా వేగుతాను. నోరు విప్పనివాళ్ళతో మాత్రం నావల్ల కాదు. అందులోనూ సాయంత్రం దాకా చూసి వాణ్ణి అరెస్టు చేస్తానని సీఐ రామస్వామి పొద్దునే నా మొహం మీద చెప్పాడు. అప్పట్నుంచీ నేను ఒక్కచోట కూర్చున్న పాపాన పోలేదు.

మేమున్నది సత్వర అంబులెన్స్ సర్వీస్ కంట్రోల్ రూములో. ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర సింధు అనే అమ్మాయి, గోడవార ప్లాస్టిక్ కుర్చీలో నా క్లయింటు హనుమాయమ్మగారు. ఇంటిదగ్గర ఉండమంటే ఆవిడ వినలేదు.

ఆవిడ భర్త విశ్వేశ్వరరావుగారు లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆంధ్ర నుంచి వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్నారు. సకల జనుల సమ్మెలో రాస్తారోకో జరిగిన రోజు ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆవిడ ఇక్కడికి ఫోన్ చేసింది. బండి బయల్దేరింది అన్నారు. కాసేపాగి మళ్ళీ చేసింది. బయల్దేరిందండీ, వచ్చేస్తుంది అన్నారు. ఈలోగా పక్కింటివాళ్ళు సందుల్లోంచి తీసుకెళ్దామని కారు తీశారు. అంబులెన్స్‌లో ఆక్సిజన్ ఉంటుంది కదా, అదే మంచిదని ఆవిడే వద్దంది. బండి రాలేదు. ఆయన పోయారు. బండ్లుండే ఎల్బీనగర్ గ్యారేజీలో అడిగితే అసలు తమకు కాల్ రాలేదన్నారు.

"ఆ కారు ఎక్కిస్తే బతికేవారా అని అడగను," అని ఆవిడ మొదటి రోజే చెప్పింది నాతో. "నా చేత వద్దనిపించింది ఎవరో కనుక్కోండి. లేకపోతే నేనే చంపుకున్నానని అనుకుంటూ బతకాలి."

ఈ ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది సాయినాథే. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి అల్మాస్‌గూడలో స్థిరపడిన కుటుంబం. ఉద్యమమంటే ప్రాణం. సమ్మె రోజున సర్వర్ కావాలనే చెడగొట్టాడన్నది సీఐ కేసు. మెషీన్‌లో పడిన పేరు కూడా వాడిదేనని కంపెనీవాళ్ళే ఫిర్యాదు చేశారు.

"సరే, ఎక్కడున్నావో చెప్పకు," అన్నాను. "ఇక్కడ బయల్దేరిందనీ, అక్కడ కాల్ రాలేదనీ రెండు కంప్యూటర్లు ఎలా చెప్పాయో అదన్నా చెప్పు."

వాడు మొదటిసారి తలెత్తాడు. పని సంగతి అడిగితే పలికే రకం.

"పెండ్లి ఖాయం చేసుకునుడు అనుకోండ్రి మేడం. పిల్ల దిక్కు గీ దిల్‌సుఖ్‌నగర్. పిల్లగాని దిక్కు ఎల్బీనగర్ గ్యారేజి. నడుమ ఒక పెద్దమనిషి. ముందుగాల ఇద్దర్నీ అడుగుతడు, సమ్మతమేనా అని. ఇద్దరూ సరే అంటేనే ఖాయం అంటడు. గప్పుడు ఇక్కడ కాల్ పచ్చగయితది, అక్కడ డ్రైవర్‌కు పిలుపు పోతది. ఒక్కలు కాదన్నా రెండు దిక్కులా రద్దు. ఒక దిక్కు అయ్యి ఇంకో దిక్కు కాకుంట ఉండుడు అనేదే లేదు."

"మరి ఆ పెద్దమనిషి మధ్యలో మాయమైతే?"

"గదే అయింది. పెద్దమనిషి ఉండేది ఎల్బీనగర్ మిషన్ల. సమ్మె చెయ్యబట్టి కరెంటు కోతలు, అక్కడ యూపీఎస్ ముసలిది. ఇద్దరూ సరే అన్నంక, ఖాయం అనేలోపల కరెంటు పాయె. ఇక ఇద్దరూ ఎదురుచూసుడే. ఎనక్కి పోరాదు, ముందుకు పోరాదు, ఆ బండిని ఇంకొకలకు ఇయ్యరాదు. మేము దాన్ని అనుమానంల ఉంది అంటం."

"అలాంటప్పుడు ఇక్కడి మెషీన్ పెద్దరికం తీసుకోదా?"

"తీసుకుంటది. గని ఎవరేమన్నరో రాసుకున్న డిస్కు అక్కడ చీకట్లనే ఉండిపోతది. రెండు రూములకు కలిపి ఒక్క డిస్కు పెట్టుండ్రి అని ఏడాది సంది మొత్తుకుంటున్న, ఎవలు ఇంటరు? అందుకనే కరెంటు పోయినప్పుడల్లా మనిషి లోపల కూసొని తన చేతితోటి తీర్పు చెప్పాలె. మా రివాజు ఒక్కటే, రెండు దిక్కులా రద్దు చేసుడు. రద్దు చేస్తే కాల్ ఇక్కడ ఎర్రగ మెరుస్తది. సింధు మేడం చూసి ఎంటనే ఇంకో బండిని లేపుతది."

సింధు పేరు చెప్పేటప్పుడు వాడి గొంతు కొంచెం తగ్గింది. ఆ అమ్మాయి హెడ్‌సెట్ సర్దుకునే నెపంతో అటు తిరిగిపోయింది. ఇద్దరూ దాస్తున్నారు. ఒకే సంగతి దాస్తున్నారా, వేరువేరా అన్నదే తేలలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

"ఏం డిటెక్టివ్ మేడం, వాకబు అయిందా? పిల్లగాడు మంచోడేనా, సంబంధం ఖాయం చేస్కోవచ్చునా?"

సీఐ రామస్వామి. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. మా ఇద్దరికీ ఇది మొదటి తగాదా కాదు. పోయినేడు ఆయన మూసేసిన ఒక దొంగతనం కేసును నేను తెరిపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయనకి పెళ్ళిళ్ళ మాటలే గుర్తొస్తాయి.

"సాయంత్రం దాకా టైమిచ్చారు," అన్నాను.

"ఇచ్చిన. ఇప్పుడు తీసుకుంటున్న. వీని తోటోళ్ళు స్టేషన్ ముంగట కూసొని నినాదాలు మొదలుపెట్టేలోపల తీస్కపోవాలె. నడువ్‌రా."

"మెషీన్‌లో పేరుంటే సరిపోతుందా? ఆ పాస్‌వర్డ్ ఆఫీసు మొత్తానికి తెలుసు."

"తెల్సినోళ్ళల్ల పగ ఉన్నోడు ఎవడు? మీ ఆంధ్రోళ్ళ పాణం పోతే నాకేంది అనుకున్నోడు వీడొక్కడే."

సాయినాథ్ గిరుక్కున తిరిగాడు. "నేనెన్నడూ గట్ల అనలే సార్. కొట్లాట సర్కారు తోటి. మనుషుల తోటి కాదు."

"మరి ఆ దినం ఏడ సచ్చినవ్?"

వాడు మళ్ళీ చెప్పుల వంక చూశాడు. చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

"సీల్ తీయించండి," అన్నాను సీఐతో. "సర్వర్ రూము ఒక్కసారి చూస్తాను. ఏమీ దొరక్కపోతే మీ వెనక నోరెత్తకుండా మెట్లు దిగుతాను."

నేను నోరెత్తకుండా ఉండటమన్న మాట ఆయనకి బాగా నచ్చినట్టుంది. కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

ఆ ఘటన జరిగిన మర్నాడే పోలీసులు సీల్ వేసిన గది. అప్పట్నుంచీ ఎవరూ లోపలికి పోలేదు. మెషీన్లు మాత్రం లోపల రొద పెడుతూ నడుస్తూనే ఉన్నాయి. ఒక స్క్రీను, ఒక కీబోర్డు, ఒక కుర్చీ. అంతే. గుమ్మంలోనే ఆగి చూశాను. కుర్చీ, కీబోర్డు మామూలుగానే ఉన్నాయి. మౌసే ఉండవలసిన చోట లేదు. కీబోర్డుకి ఎడమ పక్కన, తీగ సాగదీసి పెట్టి ఉంది.

"సాయినాథ్, నువ్వు ఏ చేత్తో రాస్తావు?"

"కుడి చెయ్యి."

"సింధూ?"

"కుడి చేత్తోనేనండి."

"ఓస్, గిదేనా!" సీఐ నవ్వాడు. "మౌసు ఎడమకు పోయిందని మర్డర్ కేసు కొట్టేస్తరా?"

"ఇంకా అవలేదు. సాయినాథ్, ఆ రోజు అనుమానంలో పడ్డ కాల్స్ చూపించు. నువ్వు మౌసు ముట్టకు, కీబోర్డు మీదే చెయ్."

వాడు వంగి ఏవో మీటలు నొక్కాడు. స్క్రీను మీద వరుసలు పడ్డాయి. చూస్తూ చూస్తూ వాడి మొహం మారిపోయింది.

"ఇదేంది... మూడున్నయి మేడం. విశ్వేశ్వరరావు సారుదొక్కటే కాదు. మూడింటికీ ఇదే చేసిండ్రు. ఇక్కడి దిక్కు ఖాయం. గ్యారేజి దిక్కు రద్దు."

"అంటే పెళ్ళికూతురి వాళ్ళకి పెళ్ళయిపోయిందని చెప్పి, పెళ్ళికొడుకు వాళ్ళకి సంబంధం తప్పిపోయిందని చెప్పినట్టు."

"అవు. పొరపాటున చేస్తే రెండు దిక్కులా ఒక్కటే తప్పు పడుతది. ఒక దిక్కు గట్ల, ఒక దిక్కు గిట్ల, మూడుసార్లు... గిది ఎవలో తెలిసి చేసిండ్రు." వాడు సింధు వైపు తిరిగాడు. ఆ కళ్ళలో భయం పోయి ఊరట కనిపించింది. "అంటే మీరు తప్పు నొక్కలేదన్నట్టు."

సింధు గుమ్మం పట్టుకుని నిలబడింది. "నేను తప్పు నొక్కానని అనుకున్నారా? ఇన్నాళ్ళూ అందుకే మాట్లాడలేదా? మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని నేను నోరు మూసుకుని కూర్చుంటే!"

వీళ్ళ మంచితనం తగలెయ్య! ఒకళ్ళ మాట కోసం ఒకళ్ళు ఎదురుచూస్తూ ఇద్దరూ నోళ్ళు కుట్టుకున్నారు. ఆ సర్వర్లే నయం.

"ఆ రోజు సాయినాథ్‌గారు రాలేదండి," సింధు గబగబా చెప్పేసింది. "రాస్తారోకోకి వెళ్తూ నన్ను చూసుకోమన్నారు. కాల్స్ ఆగిపోతే రెండు వైపులా రద్దు చేయడం నాకు నేర్పించారు. కరెంటు పోగానే చేద్దామని లేచాను కూడా. గౌతమ్‌గారు అడ్డం వచ్చి, నువ్వు ఫోన్లు చూసుకో, లోపల నేను చూస్తానన్నారు. కాసేపటికి మూడు కాల్సూ పచ్చగా అయ్యాయి. నేను నమ్మాను." హనుమాయమ్మగారి వైపు చూడలేక తల దించుకుంది. "అమ్మగారితో బండి బయల్దేరిందని రెండుసార్లూ చెప్పింది నేనే. తర్వాత గౌతమ్‌గారు, నోరు విప్పావంటే నువ్వే చేశావని చెప్తానన్నారు."

గౌతమ్ ఈ కంపెనీ మేనేజరు. నిన్న నాకు టీ కప్పు ఎడమ చేత్తో అందించి, నాలుక కరుచుకుని, అలవాటండీ ఏమనుకోకండి అని చెయ్యి మార్చాడు. అప్పుడు నేను టీ గురించే ఆలోచించాను.

"గౌతమ్ నాకు బాగ తెల్సు," అన్నాడు సీఐ. ఆయన గొంతులో వెటకారం తగ్గింది గానీ మొండితనం తగ్గలేదు. "గట్లాంటి మనిషి కాదు. ఆయనకు విశ్వేశ్వరరావుతోటి ఏం పగ? గీ పిల్ల వీణ్ణి కాపాడనీకి చెప్తున్నది. వీడు ఆ దినం గీ రూంల లేడని రుజువు చేయుండ్రి, వదిలేస్తా."

"ఇక చెప్పరా బాబూ," అన్నాను. "ఆ అమ్మాయి చేయలేదని తేలిపోయింది. ఇంకా ఎవరిని కాపాడుతున్నావు?"

సాయినాథ్ నేరుగా సీఐ కళ్ళలోకి చూశాడు.

"మీ ముందలనే ఉన్న సార్."

"ఏందిరా?"

"ఎల్బీనగర్ చౌరస్తల, వంటావార్పు కాడ. పొద్దుగాల సంది ఉన్న. పొయ్యి తీయమని మీరు నాతోటి లొల్లి పెట్టుకున్నరు. కరెంటు పోయి సిగ్నల్ లైట్లు ఆరిపోయినప్పుడు గూడ మీరు నా గల్లా పట్టుకొనే ఉన్నరు. అటెన్క మా అందర్నీ డీసీఎం లారీల ఎక్కించి ఫంక్షన్ హాల్ల ఏసిండ్రు. చీకటి పడ్డంక ఇడిసిండ్రు. పేరడిగితే గోపయ్య అని చెప్పిన. అసలు పేరు చెప్తే కంపెనీకి తెలుస్తదని అందరం గట్లనే చెప్పినం. ఇప్పుడు నేను బయటపడితే ఆళ్ళ మీద గూడ కేసులయితయి."

"రుమాలు కట్టుకున్న మొకాలు. నాకేం యాదికుంటది? సాక్ష్యం ఏది?"

ఆ మాటకి నాకు పొద్దున స్టేషన్‌లో తాగిన మంచినీళ్ళు గుర్తొచ్చాయి. నీళ్ళు పోసి ఉంచింది బిందెలో కాదు, అడుగు మసిబారిన ఇత్తడి గుండిగలో. పోలీసుస్టేషన్‌కి పెళ్ళివంటల గుండిగ ఎక్కడిదా అనుకుని అంచు మీద చెక్కిన పేరు చదివాను.

"అన్నం వండిన గుండిగ ఏమైంది?" అని సాయినాథ్‌ని అడిగాను.

"పోలీసులే గుంజుకపోయిండ్రు. మా అమ్మది. ఇంక ఇయ్యలే."

"మీ అమ్మ పేరు?"

"అండాలమ్మ."

"అండాలమ్మ, అల్మాస్‌గూడ," అన్నాను సీఐతో. "మీ కానిస్టేబుళ్ళు రోజూ అందులోంచే నీళ్ళు ముంచుకుంటున్నారు. ఆ గుండిగ మీ స్టేషన్‌కి నడిచి రాలేదు కదా? గల్లా పట్టుకున్న చెయ్యి మీదే. వాడు ఆ రోజంతా ఎక్కడున్నాడో ఈ ఊళ్ళో మీకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు."

కానిస్టేబుళ్ళలో ఒకాయన పక్కకి చూశాడు. రామస్వామి సాయినాథ్‌ని కింది నుంచి పైదాకా చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గుర్తుపట్టాడు.

సంతోషించాల్సిన నాకు కుదురు చిక్కలేదు. గౌతమ్ ఎందుకు చేశాడు? మూడు ఇళ్ళ మీద ఒకడికి పగ ఉండదు. మూడు కాల్స్ ఆగితే ఏమవుతుంది? మూడు బండ్లు గ్యారేజీలో ఖాళీగా మిగులుతాయి. ఖాళీ బండ్లతో ఆ రోజున ఎవడికేం పని?

"సాయినాథ్, మీరు రోడ్డు మీద కూర్చున్నప్పుడు ఏ బండినైనా పోనిచ్చారా?"

"దేన్ని పోనిస్తం మేడం? సైకిల్ గూడ పోనియ్యలే. అంబులెన్స్‌లకు మాత్రం దారి ఇచ్చినం. మా బండ్లే వచ్చినయి, సైరన్ కొట్టుకుంట. మంట మీది గుండిగను నేనే లేపి పక్కకు పెట్టిన. చెయ్యి గూడ కాలింది."

"ఎన్ని?"

"మూ..." వాడు సగంలో ఆగిపోయాడు.

"ఎటు పోయాయి? ఆసుపత్రుల వైపా?"

"కాదు," అన్నాడు మెల్లగా. "దవాఖానలు గీ దిక్కున్నయి. అవి ఎయిర్‌పోర్టు దిక్కు పోయినయి."

రోడ్లన్నీ మూసేసిన ఊళ్ళో ఉద్యమకారులు చేతులు కాల్చుకుని మరీ దారిచ్చేది అంబులెన్స్ ఒక్కదానికే. ఆ సంగతి గౌతమ్‌కి తెలుసు. విమానాలు ఎక్కాల్సిన వాళ్ళని రోగుల్లా ఎక్కించి పంపాడు. బండ్లు కావాలి కాబట్టి, వచ్చిన కాల్స్‌కి బండ్లు బయల్దేరాయని సింధు స్క్రీనుకి చెప్పాడు, అసలు కాల్సే లేవని గ్యారేజీకి చెప్పాడు. చైతన్యపురికి రావలసిన బండి ఎవరివో సూట్‌కేసులు మోసుకుంటూ పోయింది.

"లోపల ఎవరున్నారో చూశావా?"

"రెండు బండ్లకు అద్దాలు మూసున్నయి. మూడోదాన్ని చూసిన." సాయినాథ్ సీఐ వైపు తిరిగాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు, అర్థంకాని అయోమయం ఉంది. "రెండు పోయినంక మళ్ల పొయ్యి పెట్టినం, దాన్ని జరిపేలోపలనే అది వచ్చింది. మీరే ఉరికొచ్చి బారికేడు తీసిండ్రు సార్. అద్దం మీద ఏళ్ళతోటి కొట్టిండ్రు. లోపలినుంచి ఒక ఆడపిల్ల చెయ్యి ఊపింది."

"రోగులు చెయ్యి ఊపుతారా సీఐగారూ?" అన్నాను.

రామస్వామి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఫోను మోగుతుంటే సింధు ఎత్తి, మాట్లాడి, పెట్టేసింది.

"నా బిడ్డ," అన్నాడు. "ఢిల్లీల ఇంటర్వ్యూ ఉండె. బస్సుల్లేవు, ఆటోల్లేవు. జీపుల తోల్దామంటే జనం అడ్డం తిరుగుతరు. గౌతమ్‌ను అడిగిన. గ్యారేజిల బండి ఖాళీగనే ఉంది సార్, పంపిస్త అన్నడు. ఖాళీ బండే అనుకున్న. ఒట్టు మేడం, నాకు తెల్వదు."

తెలియదన్న మాట నిజమే. ఆ మొహంలో కనిపిస్తోంది. కానీ తెలుసుకోవాలని అడగనూ లేదు. గౌతమ్ వేలెత్తి చూపించినవాణ్ణి అరెస్టు చేయడానికి మాత్రం పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడు సాయినాథ్ బయటపడాలంటే ఈ మనిషి నోరు విప్పాలి. విప్పితే ముందు పోయేది ఆయన యూనిఫారమే. మాట మార్చేస్తే ఆయన మీద నా దగ్గరున్నది ఒక ఇత్తడి గుండిగ, అంతే.

వెనక కుర్చీ కదిలింది. హనుమాయమ్మగారు లేచి, చీర కొంగు భుజం మీదికి లాక్కుంటూ సర్వర్ రూము గుమ్మం దాకా వచ్చింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. శాపనార్థాలు పెట్టినా నేను ఆపేదాన్ని కాదు.

"మీ అమ్మాయికి విమానం అందిందా బాబూ?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

రామస్వామి ఆవిడ వైపు తిరిగాడు. "అందిందమ్మా."

"పోనీలెండి." ఆవిడ తల ఊపింది. "సైరన్ వినపడినప్పుడల్లా, అదిగో వచ్చేస్తోందండీ, ఇంకొక్క నిమిషం ఓర్చుకోండి అని చెప్పాను ఆయనకి. పాపం, సరే సరే అన్నారు. ఓర్చుకున్నారు కూడా."

గదిలో ఎవరం ఎవరి మొహాలూ చూసుకోలేకపోయాం. సింధు వెక్కి వెక్కి ఏడ్చింది. సాయినాథ్ కాలిన తన అరచెయ్యి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

రామస్వామి కానిస్టేబుల్ చేతిలోని సంకెళ్ళు తీసుకుని, చడీచప్పుడు లేకుండా బల్ల మీద టోపీ పక్కన పెట్టాడు. తర్వాత నా ముందుకి ఒక తెల్లకాగితం జరిపాడు.

"గౌతమ్ కోసం గ్యారేజికి మనుషుల్ని పంపుత. ముందుగాల గిది రాసుకోండ్రి మేడం," అన్నాడు. "మొదటి సాక్షి పేరు రామస్వామి."

నేను పెన్ను తీశాను.